గుర్తు ఎన్నికల సంఘం ఇచ్చింది సరే, రంగు ఎవరిచ్చారు? ఓరుగల్లు పార్టీల పెద్దలకు బహిరంగ లేఖ

వరంగల్, హన్మకొండ జిల్లాల అన్ని పార్టీల అధ్యక్షులకు, ఎమ్మెల్యేలకు, మాజీలకు, రేపటి కార్పొరేటర్ టికెట్ కోసం ఇప్పట్నుంచే చౌరస్తాల్లో చేతులు జోడించి ఫ్లెక్సీల మీద నవ్వుతున్న అన్నలకు, అక్కలకు,

నమస్తే. పేరు రాయడం లేదు. రాస్తే ముందు 'వీడు ఏ పార్టీ వాడు' అని ఆరా తీసి, తర్వాత గానీ ఉత్తరం చదవరు. హన్మకొండలో ఫ్లెక్సీలు కొట్టే షాపు నాది, అంతవరకు తెలిస్తే చాలు. మీ అందరి మొహాలూ నా కంప్యూటర్‌లో ఉన్నాయి, జుట్టు నల్లగా ఉన్నప్పటి పాత ఫొటోలతో సహా. మీ పుట్టినరోజుల పుణ్యమా అని షాపు కిరాయి వెళ్తోంది కాబట్టి మిమ్మల్ని తిట్టడానికి కూర్చోలేదు, కానీ కొన్ని మాటలు సూటిగానే వస్తాయి, జర ఓపిక పట్టి చదవండి.

అడగదలచింది ఒక్కటే. మీ గుర్తు మీకు ఎన్నికల సంఘం ఇచ్చింది. రంగు ఎవరిచ్చారు?

గుర్తుకైతే ఒక లెక్కుంది. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు పెట్టినప్పుడు ఓటర్లలో చాలామందికి అక్షరం ముక్క రాదు, పేరు రాసి పెడితే చదివేవాళ్లు తక్కువ, అందుకని బొమ్మ పెట్టారు. అప్పుడు బ్యాలెట్ మీద ముద్ర వేసే పద్ధతి కూడా లేదు, ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, డబ్బా మీద అతని గుర్తు, నచ్చినవాడి డబ్బాలో కాగితం వేసి బయటికి రావడమే. ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేఠీ అని ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు, 1992లో రిటైరయ్యాడు, మంచం, బల్ల, కుట్టు మిషన్ లాంటి ఇంటి సామాన్ల బొమ్మలు పెన్సిల్‌తో గీసి పెట్టింది ఆయనే. బొమ్మలతో బతికేవాణ్ని గనుక నాకు ఆ మనిషంటే మీ అందరికంటే ఎక్కువ గౌరవం, ఏమనుకోకండి.

తర్వాత 1968లో గుర్తుల ఉత్తర్వు వచ్చింది. ఏ గుర్తు ఏ పార్టీకి రిజర్వు, ఏవి స్వతంత్రులకు వదిలేయాలి, పార్టీ చీలితే గుర్తు ఏ ముక్కకు పోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. అంటే గుర్తు మీకు అద్దె ఇల్లు లాంటిది, షరతులు తప్పితే ఖాళీ చేయాల్సిందే. 2022లో శివసేన రెండుగా చీలినప్పుడు విల్లు-బాణాన్ని కొన్నాళ్లు ఎవరికీ కాకుండా ఆపేశారు, చూశాం. కాంగ్రెస్ వాళ్లకైతే ఇది మూడో ఇల్లు. మా ఊరి ముసలివాళ్లకు మొదట తెలిసింది జోడెద్దులు, 1969లో చీలాక ఇందిరమ్మది ఆవు-దూడ అయింది, 1978లో మళ్లీ చీలాక చెయ్యి. జనసంఘ్‌కు దీపం ఉండేది, జనతాలో కలిసినప్పుడు చక్రంలో నాగలి మోసే రైతు, 1980 నుంచి కమలం. ఆ కమలానికి 1984లో దేశం మొత్తం మీద వచ్చినవి రెండు సీట్లు, అందులో ఒకటి మన హన్మకొండ. చందుపట్ల జంగారెడ్డి గారు ఇక్కడ పి.వి. నరసింహారావు గారినే ఓడించారు. అప్పుడు పువ్వు గుర్తు చూసి ఓటేశారా, మనిషిని చూసి వేశారా, ఇంకెవరి మీదో కోపంతో వేశారా అని మా షాపు ముందు అరుగు మీద ఇప్పటికీ వాదన నడుస్తుంటుంది, తేలదు. ఇక్కడ పసుపు జెండా పార్టీదైన సైకిల్ ఉత్తరప్రదేశ్‌కు పోతే సమాజ్‌వాదీ వాళ్లది. ఒకే గుర్తు, వేరే రాష్ట్రంలో వేరే పార్టీ, వేరే రంగు.

ఆ 1968 ఉత్తర్వులో ఎక్కడా రంగుకు రిజర్వేషన్ లేదు. గులాబీ ఫలానా వాళ్లది, పసుపు ఫలానా వాళ్లది, ఎరుపు, కాషాయం, నీలం ఫలానా వాళ్లవి అని రాసి ఇచ్చిన కాగితం ఏ ఆఫీసులోనూ దొరకదు. ఓటింగ్ యంత్రం మీద మీ గుర్తు ఉండేది నలుపు తెలుపుల్లోనే. ఈ మధ్య అభ్యర్థుల ఫొటోలు రంగుల్లో వేయడం మొదలుపెట్టారు గానీ గుర్తు నల్లగానే ఉంది. ఐదేళ్లపాటు ఊరంతా రంగు పులిమి, చివరికి ఓటు వేసే ఆ ఒక్క నిమిషంలో మాకు కనబడేది రంగు లేని బొమ్మ. దీనికి మీరేమంటారో నాకు వినాలనుంది.

మా మిషన్ సంగతి చెప్తాను. దాంట్లో నాలుగే సిరాలు. సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్. గులాబీ పార్టీ మీటింగ్ ఉందంటే మెజెంటా డబ్బా ఖాళీ అవుతుంది, ఎల్కతుర్తి సభ నాటికి హన్మకొండ, హుజూరాబాద్ రోడ్లు ఎట్లున్నాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పసుపు అంటే ఒట్టి ఎల్లో. ఆ మెజెంటా, ఈ ఎల్లో రెండూ నిండుగా పడితే వచ్చేది ఎరుపు. కామ్రేడ్లు ఏమనుకుంటారో గానీ మిషన్ అట్లనే చేస్తుంది, దానికి సిద్ధాంతాలు తెలియవు. మెజెంటాను సగానికి దించితే కాషాయం. ఎల్లోలో సయాన్ కలిపితే ఆకుపచ్చ, అది కాషాయం జెండా అంచున ఉంటుంది, మూడు రంగుల జెండాలో ఉంటుంది, గాలిపటం గుర్తు వాళ్లకూ అదే. మీరు ఒకరి మొహం ఒకరు చూసుకోరు గానీ మీ అందరి జెండాలూ నా దగ్గర ఈ నాలుగు డబ్బాల్లోంచే వస్తాయి.

అయినా మీరు చూసుకోరని ఎందుకు అనాలి? 2004లో గులాబీ, మూడు రంగులు ఒకే జీపు మీద ఎగిరాయి, పక్కనే ఎర్రజెండాలు. 2009లో అదే గులాబీ పసుపు పక్కకు వచ్చింది, మహాకూటమి అన్నారు, ఎరుపు అక్కడా ఉంది. 2014లో పసుపు కాషాయం పక్కన, 2018కి వచ్చేసరికి ఆ పసుపే మూడు రంగుల పక్కన. పార్టీలన్నాక పొత్తులుంటాయి, అందులో తప్పేమీ లేదు, డిజైన్ మార్చినందుకు మాకు నాలుగు పైసలు కూడా వస్తాయి. కానీ మీరు పైన చేతులు కలుపుకున్నంత సులువుగా కింద కలవవు. ఊళ్లో కండువా కారణంగా మాటలు బందు పెట్టుకున్న అన్నదమ్ములు మీరు పొత్తు పెట్టుకున్నాక కూడా మాట్లాడుకోరు. ఒకరింటి పెండ్లికి ఇంకొకరు పోరు, పోయినా కట్నం చదివించి బువ్వ తినకుండా వస్తారు. పొత్తు విడిపోయి మీరు కొత్త కండువా కప్పుకొని 'సొంత గూటికి వచ్చాను' అంటారు చూడండి, అప్పటికీ వాళ్లు అట్లనే ఉంటారు.

అసలు ఈ రంగులన్నీ మీకంటే ముందు ఎవరివో కూడా చెప్పాలి కదా.

గునుగు పువ్వు మీకు తెలిసే ఉంటుంది, తెలియకపోతే ఇంట్లో అడగండి. తెల్లగా ఉంటుంది, కొసన మాత్రం లేత గులాబీ. బతుకమ్మ రోజుల్లో మగపిల్లలు చెల్కల వెంట తిరిగి కోసుకొస్తే, ఆడవాళ్లు గుప్పెడు గుప్పెడు తీసి, కాడలు సమానంగా కత్తిరించి, దారంతో కట్టలు కడతారు. వేడినీళ్లలో రంగు పొడి కలిపి కట్ట కొసలు అందులో ముంచి, నీళ్లు విదిలించి, పాత న్యూస్‌పేపర్ మీద తలకిందులుగా ఆరబెడతారు. వేళ్లకు అంటిన ఆ రంగు పండుగ పోయాక కూడా నాలుగు రోజులు పోదు. ఒక వరుస తంగేడు, ఒక వరుస తెల్ల గునుగు, దాని మీద గులాబీ గునుగు, ఆపైన బంతి, మళ్లీ పచ్చ గునుగో ఊదా గునుగో, అట్లా పేర్చుకుంటూ పోయి పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కింద నిలబడి చూస్తే మీ పార్టీల రంగులన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చుని కనబడతాయి, ఏదీ దేన్నీ తొయ్యదు.

మా గల్లీలో ఒకావిడ మాంచి బతుకమ్మ పేరుస్తుంది, నిలబడితే నడుము దాకా వచ్చేంత. ఒక ఏడాది ఆమెను ఒక కార్యకర్త నవ్వుకుంటూనే అడిగాడు, "ఏందక్కా, ఈసారి గులాబీ ఎక్కువైంది, ఆ పార్టీలోకి పోయినవా?" అని. ఆమె తల కూడా ఎత్తకుండా, "ఇంట్ల ఆ పొడే ఉండె బిడ్డా" అన్నది. నవ్వులాటే, కాదనను. కానీ ఆ మరుసటి ఏడాది అదే గల్లీలో బతుకమ్మ ఆడే చోట లైట్లు పెట్టించే చందా దగ్గర ఒక వర్గం వాళ్లు సీరియల్ సెట్లు ఒకే రంగువి ఉండాలని, ఇంకో వర్గం వాళ్లు అట్లయితే మేం పైసలియ్యమని లొల్లి పెట్టుకున్నారు. చివరికి ట్యూబులైట్లు పెట్టారు, తెల్లవి.

ఐనవోలు మల్లన్న దగ్గర ఒగ్గు పూజారులు పట్నం వేస్తుంటే చూడండి, పసుపు, కుంకుమ, తెల్లపిండి, పచ్చటి ఆకుపొడి, వేళ్ల సందుల్లోంచి ధారగా విడుస్తారు, చూపు తిప్పుకోలేం. కాజీపేట దర్గాకు పచ్చని చాదరు తలకెత్తుకొని పోయేవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. హనుమంతుడి గుళ్లో సిందూరం, గడపకు పసుపు. కోడలు గడపకు పసుపు రాస్తే తెలుగుదేశంలో చేరినట్టా? 1982లో ఎన్టీఆర్ పసుపు జెండా ఎత్తకముందు నుంచీ రాస్తూనే ఉంది కదా. గుళ్లో ధ్వజానికి కాషాయం గుడ్డ కడితే కమలం పార్టీ వాళ్లు మావాడని లెక్కేసుకోవడం ఎంత తప్పో, ఆ గుడ్డ చూసి వేరే పార్టీ వాళ్లు మొహం తిప్పుకోవడం కూడా అంతే తప్పు. ఈ రెండోది ఈ మధ్య ఎక్కువైంది.

మీరు రంగు వేసుకోవద్దని కాదు. మీ ఆఫీసుకు వేసుకోండి, కారుకు వేసుకోండి, మీ ఇంటి గేటుకు వేసుకోండి, మీ సభకు కావల్సినన్ని తోరణాలు కట్టుకోండి, నేనే కొట్టిస్తాను. నా గొడవ అంతా ప్రజల సొమ్ముతో కట్టినవాటి మీద రంగు గురించే. మా వైపు ఒక ఊళ్లో బస్సు షెల్టర్ ఉంది, నాలుగు స్తంభాలు, ఒక రేకు, రెండు సిమెంటు బెంచీలు. ఒక పార్టీ ఉన్నప్పుడు ఆ పార్టీ రంగు వేశారు. వాళ్లు పోయి వీళ్లు వచ్చాక దాని మీద ఇంకో రంగు. బెంచీ పగిలింది, దాని మీద కూడా రంగు వేశారు, పగులు మాత్రం అట్లనే ఉంది. గోరుతో గీకితే పొర కింద పొర ఎవరెవరి పాలన ఎప్పుడెప్పుడు నడిచిందో కనబడుతుంది. వాన పడితే లోపల కూర్చున్నవాళ్లు తడుస్తారు, అందులో మీ మూడు పార్టీల వాళ్లూ ఉంటారు.

పక్క రాష్ట్రంలో పంచాయతీ ఆఫీసులకు అధికార పార్టీ రంగులు వేస్తే 2020లో అక్కడి హైకోర్టు తీసేయమంది, సుప్రీంకోర్టుకు వెళ్లినా అదే మాట వచ్చింది. వేయడానికి ఒకసారి, తీయడానికి ఇంకోసారి, రెండుసార్లూ జనం డబ్బే. 2012 ఎన్నికలప్పుడు ఉత్తరప్రదేశ్‌లో పార్కుల్లో ఉన్న రాతి ఏనుగులకు ఎన్నికల సంఘం గుడ్డలు కప్పించింది, ఏనుగు ఒక పార్టీ గుర్తని. కప్పిన ఏనుగును చూస్తే ఏనుగు గుర్తుకు రాకుండా ఉంటుందా అని అప్పుడు అందరూ నవ్వారు. అందుకే మొదటే వేయకుండా ఉంటే కప్పే పని, చెరిపే పని ఉండదు.

ఇక మన ఓరుగల్లుకు బాగా తగిలిన విషయం ఒకటుంది. 2024 మే నెలలో రాష్ట్ర చిహ్నం మారుస్తారని, అందులోంచి కాకతీయ తోరణం, చార్మినార్ తీసేస్తారని వార్త వచ్చింది. అవి రాచరికపు గుర్తులని కొత్త ప్రభుత్వం వాదన. ప్రతిపక్షం ధర్నాలకు దిగింది, కోట దగ్గర నిలబడి ఫొటోలు దిగారు, తర్వాత ఆ మార్పు వాయిదా పడింది. నేను రెండు పక్షాల వాళ్లనూ అడుగుతున్నాను. తోరణం ఎప్పుడు ఎవరి పార్టీ గుర్తయింది? వరంగల్‌లో ఫ్లెక్సీ కొట్టాలంటే ఎడమపక్క తోరణం, కుడిపక్క వెయ్యిస్తంభాల గుడో భద్రకాళి అమ్మవారో ఉండాల్సిందే, ఇది మా ఊరి రూలు. చెయ్యి గుర్తు వాళ్ల ఫ్లెక్సీలో ఉంటుంది, కమలం వాళ్ల ఫ్లెక్సీలో ఉంటుంది, కారు వాళ్ల దాంట్లో ఉంటుంది, ఎర్రజెండా వాళ్లు కూడా 'అన్నా, తోరణం పెట్టు' అంటారు. రాజు కట్టించినా రాళ్లెత్తింది మా వాళ్లే అని మీరే మైకుల్లో చెప్తారు. పైన ఆఫీసులో కూర్చుని మాత్రం అది అవతలి పార్టీ వాళ్లు పెట్టిన బొమ్మ కాబట్టి తీసేద్దామనీ, ఇటువాళ్లు తీస్తున్నారు కాబట్టి అది మాదేననీ లాక్కుంటారు.

తెలంగాణ తల్లి విషయంలోనూ అదే జరిగింది. 2024 డిసెంబర్ 9న సచివాలయంలో కొత్త విగ్రహం పెట్టారు, ఆకుపచ్చ చీర, ఒక చేతిలో వరి, జొన్న, మొక్కజొన్న, సజ్జ కంకులు, ఇంకో చెయ్యి దీవిస్తున్నట్టు. ఆ చెయ్యి చూసి ఇది హస్తం గుర్తే అన్నారు కొందరు, బతుకమ్మ ఏదని అడిగారు. పాత విగ్రహం కిరీటం చూసి అది దొరసాని అన్నవాళ్లు ఇంకొందరు. చెయ్యెత్తి దీవించని తల్లి ఉంటుందా, బతుకమ్మ ఎత్తుకోని తల్లి ఉంటుందా? నన్ను అడిగితే బతుకమ్మ ఉండాల్సింది అంటాను, అది నా అభిప్రాయం, ఎవరి కండువా కప్పుకోకుండానే చెప్తున్నాను. టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు మాత్రం నేను నోరు మూసుకున్నాను, ఎందుకంటే ఆ నెలల్లో బోర్డులు మార్పించుకునేవాళ్లతో షాపు కిటకిటలాడింది. స్వార్థమే, ఏం చేస్తాం.

జెండా గురించి కూడా రెండు మాటలు. ఇది జెండా కోసం మనుషులు చచ్చిపోయిన నేల. 1946 ఆగస్టు 11న వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగరేసిన పాపానికి రజాకార్లు బత్తిని మొగిలయ్య గౌడ్‌ను చంపారు. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎగరేయడానికి పోయిన జనం మీద కాల్పులు జరిపారు, ఇరవై మందికి పైగా పోయారు, వాళ్ల కోసం కట్టిన అమరధామం దగ్గరికి మీరందరూ ఏడాదికోసారి పూలదండ తీసుకొని పోతూనే ఉంటారు. ఆ దండల వెనక ఫ్లెక్సీ ఎవరిది పెద్దగా ఉండాలని నా షాపులో జరిగే బేరం వింటే మొగిలయ్య గారికి ఏమనిపిస్తుందో. అక్కడ అమరుల బొమ్మలు కింద చిన్న గుండ్రాల్లో, పైన మీ ఫొటోలు నిలువెత్తు. ప్రోటోకాల్ అంటారు. రాష్ట్ర నాయకుడు ఇంత సైజు, జిల్లా నాయకుడు అంత, మండల నాయకుడు ఇంకాస్త చిన్న, చెవి దగ్గర ఒక వేలు వెడల్పు తక్కువైనా ఫోన్ చేసి తిడతారు. అమరుల ఫొటో ఎంత సైజు ఉండాలో చెప్పి తిట్టినవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.

ఆ పక్కనే మీ సభలకు జెండా పట్టుకొని కూర్చునే ఆడవాళ్లు. కూలికి వస్తారని అందరికీ తెలుసు, వాళ్లేమీ దాచరు. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఇంకో రంగు. వాళ్లను చూసి నవ్వకండి, పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకో కండువాతో పేపర్లో పడేవాళ్లు మీలో ఎంతమంది లేరు? వాళ్లకు ఆ రోజు కూలి వస్తుంది, మీకు ఇంకేదో వస్తుంది, తేడా అంతే.

గుర్తు మీద మీ భయం కూడా నాకు అర్థం కాని సంగతి. కారు గుర్తు వాళ్లు, చూడ్డానికి తమ కారులాగే ఉన్నాయని రోడ్డు రోలర్ గుర్తు తీసేయమని, చపాతీ రోలర్ తీసేయమని ఎన్నేళ్లు తిరిగారో. వాళ్ల బాధలో న్యాయం లేదని అనను. 2019లో భువనగిరి లోక్‌సభ సీటు ఐదు వేల పైచిలుకు ఓట్లతో పోయింది, రోడ్డు రోలర్‌కు ఇరవై ఏడు వేలకు పైగా పడ్డాయి. 2020 దుబ్బాక ఉప ఎన్నికలో తేడా వెయ్యి పైచిలుకు, చపాతీ రోలర్‌కు మూడున్నర వేలు. కడుపు మండుతుంది, నిజమే. 2022లో మునుగోడులో రోలర్ గుర్తు తీసి ఒకాయనకు బేబీ వాకర్ ఇచ్చారు, ఎన్నికల సంఘం మళ్లీ రోలరే ఇమ్మంది. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టుకు పోతే కారుకూ రోలర్‌కూ తేడా తెలియనంత అమాయకులా ఓటర్లు అన్న అర్థం వచ్చేలా చెప్పి పంపించింది. చూపు ఆనని ముసలివాళ్లు పొరబడి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. మరి ఆ ముసలివాళ్ల ఊరికి మీ అభ్యర్థి ఐదేళ్లలో రెండుసార్లు పోయి ఉంటే, పేరు చెప్పి ఓటెయ్యమని అడిగి ఉంటే? బొమ్మ ఒక్కదాని మీదే బండి నడిపితే దాన్ని పోలిన బొమ్మ వచ్చినప్పుడు భయపడక తప్పదు. ఇది కారు వాళ్లకే కాదు, చెయ్యి, పువ్వు చూపించి 'మనిషితో నీకేం పని, గుర్తు చూసి గుద్దు' అనే అందరికీ.

2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు అయ్యాయి కదా, అవి పార్టీలు లేని ఎన్నికలు. సర్పంచ్ బ్యాలెట్ గులాబీ రంగు, వార్డు మెంబర్‌ది తెలుపు. ఆ గులాబీ ఏ పార్టీదీ కాదు, ఎవరు అధికారంలో ఉన్నా అదే. గుర్తులు అభ్యర్థుల పేర్ల అక్షరక్రమంలో వరసగా పోతాయి, మొదటి పేరుకు ఉంగరం, రెండో పేరుకు కత్తెర, తర్వాత బ్యాటో ఫుట్‌బాలో. పేరు పెట్టిన నాయన పుణ్యాన ఒకడికి ఉంగరం, ఇంకొకడికి లేడీ పర్సు. అయినా ఊరు ఊరంతా గుర్తుపెట్టుకొని వేసింది, చెత్త డబ్బా గుర్తు వచ్చినవాడు కూడా సిగ్గుపడకుండా తలమీద డబ్బా పెట్టుకొని ఇంటింటికీ తిరిగాడు. ఆ నెలంతా మాకు నిద్ర లేదు, ఎక్కడ చూసినా ఉంగరాలే, కత్తెరలే. చాలా బాగుండేది, మీరు రాకపోతే. మీరేం చేశారు? ఫలితం వచ్చిన రాత్రే గెలిచినవాణ్ని బండి ఎక్కించుకొచ్చి కండువా కప్పారు. ఒక సర్పంచ్‌కు ఒకే రోజు ఇద్దరు నాయకులు కండువాలు కప్పితే, ఆయన రెండు ఫొటోలూ తెచ్చి 'అన్నా, ఏ ఫ్లెక్సీ కొట్టియ్యాలె' అని నన్నే అడిగాడు. నేను ఉంగరం పెట్టి కొట్టిచ్చాను.

ఆ కండువా పడ్డ దగ్గర్నుంచి ఊళ్లో లెక్క మారుతుంది. ఇల్లు మంజూరైనా, పింఛను ఆగినా, బోరు రిపేరైనా మొదట వచ్చే ప్రశ్న 'మనోడేనా?' అని. గుర్తు ఓటు నాటికి మాత్రమే, రంగు ఐదేళ్లకూ. నా కోపమంతా దీని మీదనే. నల్లా నీళ్లకు రంగు ఉండదని మీకు తెలియదా, వాటిని కూడా గల్లీని చూసి వదులుతున్నారని మీ కింది వాళ్ల గురించి జనం అనుకుంటున్నారని మీ చెవిన పడలేదా?

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. బడి, అంగన్‌వాడీ, బస్సు షెల్టర్, శ్మశానం గోడ, వీటికి సున్నం వేయండి, లేదంటే ఆ ఊరి పిల్లల్ని ఏ రంగు కావాలో అడిగి అదే వేయండి. సద్దుల బతుకమ్మ నాడు గుట్ట దగ్గరా చెరువు దగ్గరా మీ కండువాలు కారులోనే పెట్టి రండి, పువ్వుల మధ్య అవి బాగుండవు కూడా. పార్టీ లేని ఎన్నికలో గెలిచినవాడికి శాలువా కప్పండి, కండువా వద్దు. కోట, తోరణం, తెలంగాణ తల్లి, వీటి గురించి ఏం మార్చాలన్నా ఓరుగల్లులో ఒక రోజు కూర్చుని చరిత్ర తెలిసినవాళ్లతో, శిల్పం తెలిసినవాళ్లతో మాట్లాడి మార్చండి, మార్చొద్దనుకుంటే ఊరుకోండి. పుట్టినరోజు అయిపోయిన వారానికి మీ ఫ్లెక్సీ మీరే విప్పించండి. అదాలత్ దగ్గర గాలికి సగం చిరిగి వేలాడేవి బైకుల మీద పోయేవాళ్ల మెడకు తగులుతున్నాయి, కొట్టింది నేనే అయినా చెప్పక తప్పదు.

రేపు కార్పొరేషన్ ఎన్నికలు రానే వస్తాయి. మీలో ఎవరైనా ముందుకొచ్చి, ఏ పార్టీ రంగూ లేకుండా, తెల్ల ఫ్లెక్సీ మీద నల్ల అక్షరాలతో, మీ డివిజన్‌లో మీరు చేయబోయే పని ఒక్కటి, దానికి తేదీ ఒక్కటి రాయించుకుంటానంటే, నాకు బ్లాక్ సిరా ఒక్కటే ఖర్చవుతుంది, ఆ ఫ్లెక్సీ ఉచితంగా కొట్టిస్తాను. కానీ తేదీ ఉండాలి. మిగతా ఫ్లెక్సీలకు మాత్రం ఈసారి సగం పైసలు అడ్వాన్స్ ఇవ్వాలి. ఓడిపోయినవాళ్ల బాకీలు పోయిన ఎన్నికలవే ఇంకా నా పుస్తకంలో ఉన్నాయి, గెలిచినవాళ్లవి కూడా కొన్ని ఉన్నాయి, ఎవరివో మీకే తెలుసు.

ఇట్లు,
హన్మకొండలో మీ అందరి ఫ్లెక్సీలూ కొట్టేవాడు